తెర మీద ఎవరో కూర్చున్నారు

సలెలొలోగా ఊరి సంతలో చేపల వరుస అయిపోయిన చోట పెనీనా దుకాణం ఉంది. దుకాణమంటే ఒక బల్ల, ఒక ఫ్యాను, స్క్రూడ్రైవర్లు పెట్టుకునే బిస్కెట్ల డబ్బా. పొద్దున్నే వచ్చి బల్ల తుడుచుకుని, పక్కన పిండి ఉండలు వేయించే లాగీ దగ్గర రెండు వేడివేడివి నోట్లో వేసుకుంటేగాని ఆమె చేతిలో ఏ స్క్రూ తిరగదు. ఉప్పుగాలికి ఈ దీవిలో ఇనుమే నిలవదు, ఇక కంప్యూటర్లెంత! అక్షరాల మీటలు బిగుసుకుపోయినవి, లోపల చీమలు కాపురం పెట్టినవి, పిల్లలు కొబ్బరినీళ్లు ఒలకబోసినవి, అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. ఏమైందని అడిగితే ఒక్కరూ నిజం చెప్పరు. అందరివీ వాటంతటవే పాడైపోతాయి.

ఆ మంగళవారం ఫలానికో తెచ్చిన లాప్‌టాప్ మాత్రం నిజంగానే దానంతటదే పాడైంది.

ఫలానికో వాళ్ల పెదనాన్న సొలొమోనా పోయిన నెల చనిపోయాడు. ఇంటిపెద్ద బిరుదు ఇతనికి వచ్చింది. బిరుదు కొత్తది కాబట్టి నడక కూడా కొత్తదైంది, సంతలో చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాడు.

"దీని తెర మీద బాణానికి పిచ్చెక్కింది పెనీనా. నేనొకవైపు లాగితే అదొకవైపు పోతుంది. శుక్రవారానికల్లా కావాలి. ఆ రోజు కుటుంబమంతా కూర్చుంటుంది. సోమవారం కోర్టులో ఇవ్వాలి."

"ఏం ఇవ్వాలన్నా?"

అతను చేపల వైపు చూశాడు. "వంశావళి. పెదనాన్న ఇందులోనే టైపు కొట్టి పెట్టాడు. తీరం పక్కన చోటుంది కదా, అది మా కుటుంబం పేర గట్టిగా రాయించుకుందామని. యాత్రికులకి నాలుగు కుటీరాలు వేద్దామని."

తీరం పక్కన చోటంటే పెనీనా ఇల్లున్న చోటే. వాళ్లమ్మ మోమోయె పుట్టింది అక్కడే, వాళ్ల అమ్మమ్మ మాసినా సమాధి ఉన్నది ఆ ఇంటి ముందే. సొలొమోనా 'ఉండండి' అన్నాడు, ఉన్నారు. ఈ దీవిలో భూమి మనిషిది కాదు, వంశానిది. వంశావళిలో పేరున్నవాళ్లని ఎవరూ లేపలేరు. పేరు లేనివాళ్లు పెద్దల నోటి మాట మీద ఉంటారు, ఆ నోరు మూతపడితే లేచిపోతారు.

"మీ అమ్మకి లోపలివైపు, రొట్టెపండు తోట వెనకాల చోటు చూపిస్తాలే. గాలి బాగా వస్తుంది," అన్నాడు ఫలానికో. మనిషి చెడ్డవాడు కాదు.

"గాలిదేముందన్నా, ఎక్కడైనా వస్తుంది. అమ్మమ్మని ఎట్లా తీసుకెళ్లమంటావు?"

అతను లాప్‌టాప్‌ని ఆమె వైపు నెట్టాడు. "బాగుచేస్తావా, చెయ్యవా?"

"చేస్తాను. చెయ్యడానికే కదా కూర్చున్నది," అంది పెనీనా. అతను వెళ్లేదాకా స్క్రూడ్రైవరు అందుకోలేదు.

అతను చేపల వరుస దాటాక పని మొదలుపెట్టింది. ముందు టచ్‌ప్యాడ్‌ని మెత్తటి గుడ్డతో తుడిచింది, చేతి చెమటకే సగం పిచ్చి పడుతుంది. లాభం లేదు. చార్జరు పీకేసి చూసింది. ఎర్త్ తీగ లేని చార్జరు అయితే కరెంటు వేలికి ఎక్కి బాణాన్ని గంతులు వేయిస్తుంది. అదీ కాదు. వెనక మూత విప్పింది. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని కిందనుంచి నెడుతోందేమోనని చూస్తే, బ్యాటరీ పలకలా చదునుగా ఉంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి, టచ్‌ప్యాడ్ మీద వేలు ఆనించింది. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. అయినా అది వెచ్చగా ఉంది, నిద్రపోతున్న మనిషి అరచెయ్యిలా. పెనీనా వేలు వెనక్కి తీసుకుని చిరిగిన పాత గుడ్డకి తుడుచుకుంది.

బుధవారం వేరే మౌస్ తెచ్చి తగిలించింది. బాణం దానికీ లొంగలేదు. అంటే తప్పు టచ్‌ప్యాడ్‌ది కాదు. ఒక్కొక్క ఫైలూ తెరిచి చూసుకుంటూ పోయింది. చర్చి చందాల ఫైల్లో బాణం బుద్ధిగా తిరిగింది. ఫోటోల మీద తిరిగింది. వంశావళి తెరిచేసరికి మొదలైంది. పైనుంచి కిందికి లాగితే, ఒకచోట బాణం ఆగి, కుడివైపు వంపు తిరిగి, చుట్టూ తిరిగివచ్చి మళ్లీ దారిలో పడుతోంది. కాగితాన్ని పైకి జరిపితే ఆ చోటు కూడా పైకి జరిగింది. సొలొమోనా తోబుట్టువుల వరుస అది. సొలొమోనా, వయెలూపె, ఎలియా. వయెలూపెకీ ఎలియాకీ మధ్య ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటుని దాటడానికే బాణం అంత దూరం తిరుగుతోంది.

లాగీ నూనెచేతులతో వచ్చి భుజం మీదనుంచి తొంగి చూసింది. "ఎవరో కూర్చున్నట్టున్నారు. ముందునుంచి పోతూ తులౌ అనకపోతే ఎట్లా పోనిస్తారు? నీకు మీ అమ్మ ఏం నేర్పలేదా?" అని, ఉండలు మాడుతున్నాయని పరిగెత్తింది.

నిజమే కదా అనుకుంది పెనీనా. కూర్చున్న పెద్దల ముందునుంచి వెళ్లేటప్పుడు నడుం వంచి, చెయ్యి కిందికి జార్చి, తులౌ, మన్నించండి అనుకుంటూ వెళ్లడం నడక వచ్చిన దగ్గర్నుంచి చేస్తున్న పని. కుర్చీలోనే వంగి, "తులౌ" అంది మెల్లగా. బాణం నేరుగా దాటింది. రెండోసారి అనకుండా లాగింది. వంపు తిరిగింది.

తర్వాత చేసిన పని ఆమె చెయ్యకుండా ఉండాల్సింది. బాణాన్ని ఆ చోటు అంచు వెంబడి నెమ్మదిగా నడిపించింది, గోడ వెంట చీకట్లో చెయ్యి నడిపించినట్టు. ఒక మోకాలు తగిలింది. ఇంకో మోకాలు. మోచెయ్యి, భుజం, ముడివేసిన జుట్టు. మఠం వేసుకుని కూర్చున్న ఆడమనిషి. పై వరుసకీ కింది వరుసకీ మధ్య ఇరుక్కుని, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. మోకాళ్లు రెండూ ఇటువైపే ఉన్నాయి. అంటే ఎదురుగా కూర్చుని పెనీనానే చూస్తోంది. మిట్టమధ్యాహ్నం, చుట్టూ సంతంతా అరుపులు. అయినా పెనీనా కుర్చీ వెనక్కి జరుపుకుంది. లాప్‌టాప్ మూస్తే ఆవిడ మొహం మీద తలుపు వేసినట్టవుతుందని తెరిచే ఉంచి, భోజనానికి ఇంటికి వెళ్లింది.

సంగతంతా విని మోమోయె కుండ దించింది. "ఆ డబ్బాని సముద్రంలో ముంచి ఇచ్చెయ్యవే. ముసలాడు రాసింది పోతే మళ్లీ ఎవడు రాస్తాడు?"

"కాగితం మీద రాసుకుంటారమ్మా."

"రాసుకోనీ. ఈలోపు నేను పోతాను. మా అమ్మ పక్కన పెడుదువుగాని. అరవై ఏళ్లకి తట్టాబుట్టా సర్దుకోమంటే ఎక్కడికి పోవాలే నేను?"

"అందులో ఎవరో కూర్చున్నారమ్మా. ముంచితే ఆవిడా మునుగుతుంది."

"ఎవరో ఏమిటో," అంది మోమోయె, దుంపలు చెరిసగం పెడుతూ. "తిను. కూర్చున్నవాళ్లని ముంచమని నేను మాత్రం చెప్తానా?"

మాసినా ఎవరి పిల్లో మోమోయెకే తెలీదు. సొలొమోనా వాళ్ల వంటపాకలో పెరిగిందని, ఎక్కడినుంచో తెచ్చుకున్న పిల్ల అని ఊళ్లో అనేవాళ్లు. మాసినానే అడిగితే, "పెరిగిన చోటే పుట్టిన చోటు," అని దుంపల తొక్క తీసుకునేది.

గురువారం పెనీనా వంశావళి ఫైలుని ఎంచి, చెరిపే మీట మీద వేలు పెట్టింది. ఎందుకు దాచడం, పెట్టింది. ఒక్క నొక్కుతో పేర్లన్నీ పోతాయి, సొలొమోనా బతికొచ్చి మళ్లీ కొట్టడు. ఇల్లు ఇంకో ఏడాదైనా నిలుస్తుంది. వేలు అక్కడే ఉంది. కూర్చున్న పెద్దమనిషి కిందనుంచి చాప లాగేసినవాళ్లని ఈ దీవిలో ఎవరూ చూడలేదు. తనే మొదటిదవుతుంది.

వేలు తీసేసింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. లాగీ చూసి కూడా చూడనట్టు ఉండలు తిప్పింది.

తర్వాత ఫైలు తెరిచి, వయెలూపె పేరు చివర బాణం నిలిపి, ఎంటర్ మీట ఒకసారి నొక్కింది. రెండు పేర్ల మధ్య ఒక ఖాళీ వరుస పడింది. అంతే, ఇరుగ్గా ఉందని కాస్త జరిగి చోటివ్వడం. బాణం అంచు వెంబడి మళ్లీ నడిపిస్తే, ఆవిడ మోకాళ్లు విప్పుకుని సుఖంగా కూర్చుని ఉంది.

సాయంత్రం ఫలానికో వచ్చాడు. "అయిందా?"

"అయిందన్నా. అక్కడ ఎవరో కూర్చున్నారు. వంగి తులౌ అంటే చాలు, దాటనిస్తారు."

ఫలానికో ఎవరని అడగలేదు. అతని ఇబ్బంది వేరు. "బిరుదున్నవాణ్ణి, అందరి ముందూ డబ్బాకి వంగమంటావా? రేపు నువ్వే వచ్చి తిప్పు."

శుక్రవారం పొద్దున పెద్దింట్లో అందరూ కూర్చున్నారు. గోడల్లేని ఇల్లు అది, చుట్టూ స్తంభాలు. ఎవరి స్తంభానికి వాళ్లు ఆనుకుని, చాపల మీద మఠాలు వేసుకున్నారు. మధ్యలో టీవీ పెట్టి, తీగ బయటిదాకా లాగారు. పెనీనా ఇంట్లో మనిషి కాదు కనుక బయటి రాళ్ల అరుగు మీద, వంటవాళ్ల పక్కన కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. లోపల ముసలి వయెలూపె కళ్లు మూసుకుని ఉంది. సొలొమోనా తోబుట్టువుల్లో మిగిలింది ఆవిడొక్కతే.

ఫలానికో పేర్లు గట్టిగా చదువుతున్నాడు. పెనీనా ప్రతిసారీ వంగి తులౌ అని బాణాన్ని జరుపుతోంది. "సొలొమోనా," అన్నాడు. "వయెలూపె," అన్నాడు. ఆగాడు.

"ఈ ఖాళీ ఏంటి? కోర్టులో దీనికో ప్రశ్న వేస్తారు. తీసెయ్."

"నేను తియ్యలేనన్నా. కూర్చుని ఉన్నారు."

"నాలుగు రోజులు పెట్టుకుని చేసింది ఇదా?" ఫలానికో విసవిసా లేచి వచ్చాడు. వంగలేదు, తులౌ అనలేదు. నిలువునా నిలబడి, పెనీనా తలమీదనుంచి చెయ్యి చాపి, చెరిపే మీట నొక్కాడు.

ఖాళీ కదల్లేదు. మళ్లీ నొక్కాడు. అప్పుడు ఎవరూ ముట్టకుండానే టీవీలో బాణం కదిలింది. తొందరేమీ లేకుండా ఒక్కో పేరూ దిగుతూ వచ్చి, అన్నిటికన్నా కిందున్న ఫలానికో పేరు మీద ఆగింది. వేలు పెట్టి చూపించినట్టు ఆగి, ఇక కదల్లేదు. ఇంటినిండా వంటపాక పొగ వాసన కమ్ముకుంది, ఆ రోజు పొయ్యి ఇంకా వెలిగించలేదు. బిరుదులున్నవాళ్లంతా తలలు దించుకున్నారు. ఫలానికో కాళ్లు వాటంతటవే మడుచుకుపోయి, ఉన్నచోటే రాళ్ల మీద కూలబడ్డాడు.

"కూర్చున్నవాళ్ల మీదినుంచి చెయ్యి చాపుతావురా?" వయెలూపె కళ్లు తెరిచింది. "నీకు బిరుదు ఇచ్చారుగాని బుద్ధి ఇవ్వలేదు."

"ఎవరో తెలిస్తే కదత్తా..."

"నీకెట్లా తెలుస్తుంది? మా అన్న నాచేత బైబిలు మీద చెయ్యి వేయించాడు. దాని గురించి ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. వచ్చిన మనిషిని పలకరించనని వెయ్యలేదు." ఆవిడ టీవీ వైపు తిరిగి, నడుం వంచింది. ఎనభై ఏళ్ల నడుం, చాలాసేపు పట్టింది. "వచ్చావా మాసినా? ఎంత దూరంనుంచి వచ్చావో. ఇన్నాళ్లూ నిన్ను బయటే ఉంచాను. తప్పు నాదే చెల్లీ."

పెనీనాకి ఆ పేరు వినబడింది. వినబడ్డాక కాసేపు ఇంకేమీ వినబడలేదు. చెవుల్లోకి మళ్లీ మాటలు వచ్చేసరికి ముసలావిడ టీవీ వైపే తిరిగి అంతా చెప్పేస్తోంది. వాళ్ల నాన్నకీ పక్క దీవి ఆడమనిషికీ పుట్టిన పిల్ల మాసినా. తల్లి పోతే నాన్నే ఎత్తుకొచ్చాడు. నాన్న కూడా పోయాక, బిరుదు కోసం తగువులాడుతున్న రోజుల్లో, వాటాకి ఇంకో మనిషి ఎందుకని సొలొమోనా ఆ పసిదాన్ని వంటపాకలోకి జరిపాడు. చేసిన పాపానికి పరిహారంగా, పెద్దయ్యాక తీరం పక్కన చోటు చూపించి, ఉండమన్నాడు.

"ఏం చూస్తున్నావే? రాయి," అంది వయెలూపె.

పెనీనా రాసింది. ఒక్కొక్క అక్షరమూ వెతుక్కుంది, రోజూ కొట్టే అక్షరాలే అయినా. 'మాసినా' అని పడింది.

"ఆగిపోయావేం? దాని కింద?"

'మోమోయె.'

"దాని కింద?"

తన పేరు రాసుకునేసరికి తెర కనపడలేదు, కళ్లు నిండిపోయాయి.

ఎవరో గొంతు సవరించుకున్నారు. ఫలానికో రాళ్ల మీదనుంచే, "మరి కుటీరాలో?" అని గొణిగాడు.

"నీ నెత్తిమీద వేసుకో," అంది వయెలూపె. నవ్వు ఆపుకోలేక ఒక పెద్దాయన కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కోర్టుకిచ్చే కాగితం వచ్చింది. ఒక్కొక్కరే సంతకం పెట్టారు. అందరికన్నా చివర ఫలానికో పెట్టి, పెనీనా వైపు నేరుగా చూడకుండా, "మీ అమ్మకి నువ్వు చెప్తావా, నేను రావాలా?" అని అడిగాడు.

"నువ్వే రా అన్నా. దుంపలు పెడుతుంది. తిట్టాకే పెడుతుంది."

"పెట్టనీ," అన్నాడతను. లాప్‌టాప్ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "బాగుపడ్డట్టేనా ఇక?"

పెనీనా తులౌ అనకుండా బాణాన్ని లాగింది. పైనుంచి కిందికి, గీత గీసినట్టు దిగింది. మళ్లీ లాగింది. మోకాలి దగ్గర ఆగలేదు, భుజం దగ్గర ఆగలేదు. టచ్‌ప్యాడ్ చల్లగా ఉంది, అన్ని టచ్‌ప్యాడ్ల లాగే. మూడు రోజులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరో తెలిసేసరికి ఆవిడ లేచి వెళ్లిపోయింది.

"బాగుపడింది," అంది.

"అయితే ఆ తీగ పీకేసి లోపలికి రా," అంది వయెలూపె, తన చాప మీద పక్కకి జరుగుతూ. పెనీనా మాత్రం ఇంకాసేపు ఆ అరుగు మీదే కూర్చుని, ఎక్కడైనా తగులుతుందేమోనని బాణాన్ని ఆ పేరు చుట్టూ తిప్పుతూనే ఉంది.