మూడోసారి వచ్చిన కారు

ఆ తెల్లకారు మూడోసారి షెడ్డుకు వచ్చేసరికి మీటరక్కకు తలప్రాణం తోకకొచ్చింది. చేతిలో కరెంటు కొలిచే మీటరు లేకుండా కనబడదు కనుక అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమెకంటే ఆరేళ్ళు పెద్దవాడు, షెడ్డు నడిపే సొంత అన్నయ్యది కూడా అదే పిలుపు.

కారు జబ్బు ఒక్కటే. పొగగొట్టం ఎంత వేడెక్కిందో చెప్పాల్సిన సెన్సర్ పచ్చి అబద్ధాలాడుతోంది. గొట్టం కాలిపోతోందని అది గోల పెట్టగానే ఇంజను బెదిరిపోయి బలం తగ్గించేసుకుంటుంది. అదీ ఎక్కడ? సరిగ్గా ఎత్తు రోడ్డు మీద, వెనక బస్సువాడు హారన్‌తో చెవులు చిల్లులు పొడుస్తున్నప్పుడు. మొదటిసారి సెన్సర్ నిజంగానే పోయింది, మార్చారు. నెలకే తిరిగొస్తే ఇంకో కొత్తది వేశారు. మళ్ళీ అదే పోయిందనుకోవడం కంటే సులువైన పని ఏముంది గనక!

రెండుసార్లూ బిగించింది బాబాయ్. వాళ్ళ నాన్నకు తమ్ముడు, ఇద్దరికీ పాన పట్టుకోవడం నేర్పినవాడు. ఈ మధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి. నిన్న కారును చూడగానే అన్నయ్య తేల్చేశాడు.

"ఇక నావల్ల కాదు బాబాయ్. రేపటినుంచి ఇంటిపట్టున ఉండు."

"నా చేతి పొరపాటే అయ్యుంటుందిలేరా," అన్నాడాయన, అంతే. ముప్ఫయ్యేళ్ళ పని ఆ ఒక్క మాటతో అయిపోయింది. మీటరక్క పక్కనే ఉండి కూడా నోరు మెదపలేదు. అందుకే రాత్రంతా కంటిమీద కునుకు లేదు.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చింది. రాత్రంతా ఊరికే నిలబడ్డ ఇంజను చల్లగా ఉంది. అలాంటప్పుడు గొట్టం పొడవునా ఉన్న మూడు సెన్సర్లూ ఒకే అంకె చూపించాలి, వేడెక్కడానికి ఏమీ లేదు కదా. కారుకు తగిలించిన స్కానరు తెర మీద రెండు సెన్సర్లు ఇరవయ్యారు డిగ్రీలు అన్నాయి. మూడోది మూడు వందల నలభై అంది.

"సిగ్గులేదుటే నీకు," అని దాన్ని తిట్టి, ఊడదీసి, మీటరు పెట్టి కొలిచింది. తర్వాత డ్రాయరులో ఉన్న సరికొత్తదాన్ని కొలిచింది. రెండూ అచ్చంగా ఒక్కటే. అంటే సెన్సర్ బంగారంలా ఉంది. అది తిన్న తిట్లన్నీ దండగ.

దాన్ని మళ్ళీ బిగించి, తెర చూస్తూ వైరును మెల్లగా కదిపింది. మూడు వందల నలభై కాస్తా ఇరవయ్యారుకు దిగింది. వదిలితే మళ్ళీ ఎగిరింది. ఇక వైరు పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళింది. వేడి తగలకుండా పెట్టే రేకు వెనక, వైరు గొట్టానికి అతుక్కుపోయి ఉంది. తొడుగు కరిగి లోపలి రాగి బయటపడింది. పక్కనే, దాన్ని దూరంగా కట్టి ఉంచాల్సిన నల్లటి ప్లాస్టిక్ పట్టీ వేడికి కరిగి ముద్దయిపోయింది.

ఆ ముద్దను ఊడబెరికి వెలుతురులో పెట్టి చూసింది.

బాబాయ్ జన్మలో ప్లాస్టిక్ పట్టీ వాడడు. గొట్టం దగ్గర సన్నటి స్టీలురేకు వంచి, చేత్తో క్లిప్పు చేసి బిగిస్తాడు. అదో పిచ్చి ఆయనకు. అది చేసేలోపు రెండు కార్లు అయిపోతాయని అందరూ నవ్వేవారు. మొదటిసారి కూడా సెన్సర్ బిగించి, క్లిప్పు కోసం రేకు కత్తిరిస్తున్నాడు. ఆరోజు మీటరక్క పాపకు మూడురోజులుగా జ్వరం, ఆమెకు ఇంటికెళ్ళాలన్న తొందర. "నేను కట్టేస్తాలే బాబాయ్" అని జేబులోని పట్టీ లాగి ఒక్క బిగింపు బిగించింది తనే. రెండోసారి మార్చినప్పుడు ఆ వేడి ఆపే రేకు వెనక్కి ఎవరూ తొంగిచూడలేదు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ముద్దను చెత్తబుట్టలో పడేస్తే సరి. ఒళ్ళు ఎంత అలిసిపోయి ఉందంటే, ఆ ఆలోచన తప్పని కూడా కాసేపు అనిపించలేదు.

ఇంతలో అన్నయ్య వచ్చాడు. వెనకే బాబాయ్, ఉతికిన చొక్కాతో. పనిముట్ల బీరువా తాళాలు అప్పగించి పోదామని వచ్చాడట. అన్నయ్య చెయ్యి చాపాడు. తాళాల గుత్తి బాబాయ్ వేళ్ళ మధ్య చిన్నగా గలగలమంటోంది.

"అన్నయ్యా, ఆగు." ప్లాస్టిక్ ముద్దను తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. "ఇది నేను కట్టింది. సెన్సర్ బానే ఉంది, వైరు కాలిపోయింది. తప్పు నాది."

అన్నయ్య ముద్దను చూశాడు, చెల్లెలిని చూశాడు.

"నిన్ను మానెయ్యమనలేనుగా," అన్నాడు. "నువ్వు లేకపోతే ఇక్కడ రోగం కనిపెట్టేవాళ్ళెవరు?"

"అందుకేరా పొరపాటు నాదేనని నేను ఒప్పుకుంది," అన్నాడు బాబాయ్.

ఆమె గిరుక్కున తిరిగింది. "నీకు తెలుసా బాబాయ్?"

"కట్టేటప్పుడు పక్కనే ఉన్నాగా తల్లీ. మార్చమందామనుకున్నా. నీ మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. తర్వాత మర్చేపోయా. నిన్న వీడు అరిచినప్పుడు గుర్తొచ్చింది."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, మసిచేత్తో తుడుచుకుంటే బుగ్గంతా నల్లగా అయింది. అన్నయ్య చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"బీరువా నువ్వే తెరువు బాబాయ్," అన్నాడు ఎటో చూస్తూ. "క్లిప్పుకి రేకు కావాలి."

బాబాయ్ బీరువా దగ్గరకు నడిచాడు. తాళంచెవి రంధ్రంలో పడడానికి మూడుసార్లు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.