వేలమ్మకు ఒకరోజు విరామం

గొడుగుల ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. హెచ్.ఆర్. గదిలో కూర్చుని, కొత్తగా చేరినవాళ్ళ బొటనవేళ్ళను గేటు దగ్గరి హాజరు యంత్రానికి పరిచయం చేసేది ఆమే కాబట్టి కుట్టుమిషన్ల వాళ్ళు ముద్దుగా వేలమ్మ అన్నారు. పేరు స్థిరపడింది గానీ ఉద్యోగమే స్థిరపడలేదు.

అంతకుముందు స్థిరమైనదే. ఒకరోజు పైనుంచి కబురొచ్చింది: ఇక పర్మనెంటు అన్నమాట లేదు, మేనేజరు తప్ప అందరూ కాంట్రాక్టే. డెబ్బైమందికీ ఉత్తరాలు వేలమ్మే టైపు చేసింది. ఆఖరున తన ఉత్తరం తనే టైపు చేసుకుని, తనకు తనే అందించుకుని, ‘మీకు ఉజ్జ్వల భవిష్యత్తు కలగాలని కోరుకుంటున్నాము’ అన్న వాక్యం చదివి నవ్వుకుంది. నవ్వక ఏం చేస్తుంది? ఆ వాక్యం రాసిందీ తనే.

అయితే ఆ ఏర్పాటులో ఒక ఆశ మిగిలింది. ఏడాదిపాటు ఒక్కరోజు కూడా తెగకుండా పనిచేస్తే ఆ మనిషిని పర్మనెంటు చెయ్యాలని రూలు. పెళ్ళి మాటలప్పుడు కాబోయే అత్తగారు “ఉద్యోగం పర్మనెంటేనా అమ్మాయ్?” అని అడిగితే, వేలమ్మ ఆ రూలును నమ్ముకునే “ఏడాది నిండగానే అవుతుందండీ” అని మాటిచ్చింది. అత్తగారు ఆ మాటను కొంగున ముడేసుకుంది. పెళ్ళయి నెలైంది. రోజూ పొద్దున్నే కోడలికి కాఫీ గ్లాసు అందిస్తూ “ఎంతవరకొచ్చిందే నీ ఏడాది?” అని అడుగుతుంది, కడుపుతో ఉన్నదాన్ని నెలలు అడిగినట్టు.

పెళ్ళయ్యాకే పైవాళ్ళు మెలిక బయటపెట్టారు. ఏడాది నిండే ముందురోజు అందర్నీ ఉద్యోగంలోంచి తీసేసి, ఒకరోజు ఖాళీ ఉంచి మళ్ళీ కొత్తగా చేర్చుకుంటారట. దాని పేరు విరామం. తాడు పొడుగవుతోందని మధ్యలో కోసి మళ్ళీ ముడేసినట్టు.

“సార్, అందరికీ ఒకేరోజు విరామమిస్తే మర్నాడు...” అని వేలమ్మ ఏదో చెప్పబోయింది.

“కాంట్రాక్టులో సలహాలివ్వడం లేదమ్మా. చెప్పింది చెయ్యి,” అన్నాడు మేనేజరు.

వేలమ్మ బుద్ధిగా నోరు మూసుకుంది. ఏడాదికి ఒక్కరోజు ఉందనగా, సాయంత్రం యంత్రంలోంచి అందరి వేళ్ళూ చెరిపేసింది. “నాదో సార్?” అంటే “నీదీ” అన్నాడు. అదీ చెరిపేసి, టిఫిన్ డబ్బా ఊపుకుంటూ ఇంటికొచ్చేసింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం కాళ్ళు బరువెక్కాయి. అత్తగారికి ఏమని చెప్పాలి?

ఆ రాత్రి భర్తకు చెప్పింది. అతనికి వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అంతా విని, “ఏడవడానికి ఎల్లుండి ఉంది. రేపు నేనూ దుకాణం తియ్యను,” అన్నాడు.

అలా విరామం రోజు తెల్లవారింది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి పనిరోజున ఇంట్లో ఉండటం అదే మొదలు. కిటికీ ఎండ మంచం సగం దాకా వచ్చేవరకూ లేవలేదు. లేచి, దుప్పటి మడతపెడదామని చెరో కొసా పట్టుకుని, దగ్గరికి నడిచినప్పుడల్లా మడత మర్చిపోయారు. ముందుగదిలో అత్తగారు చిక్కుడుకాయలు గిల్లుతూ రెండుసార్లు గట్టిగా దగ్గింది. ఆ దగ్గు జలుబుది కాదు.

మూడోసారి మడతేస్తుండగా ఫోను మోగింది.

“అమ్మా, నువ్వొకసారి రావాలి,” అన్నాడు మేనేజరు.

“ఎక్కడికి సార్?”

“ఎక్కడికేంటి, ఆఫీసుకి.”

“ఎవరి ఆఫీసుకి సార్?”

భర్త దుప్పటి కొస నోట్లో కుక్కుకున్నాడు.

“చూడమ్మా, వానలు మొదలవుతున్నాయి. రేపు సాయంత్రం గొడుగుల లారీ కదలాలి. రేపు పొద్దున అందరి వేళ్ళూ ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ కూర్చుంటే మధ్యాహ్నమవుతుంది. ఇంక కుట్టేదెప్పుడు? ఇవాళే ఎక్కించేద్దామని చూస్తే, యంత్రం ముందు హెచ్.ఆర్. వేలు పెట్టమంటోంది.”

“పెట్టించండి సార్.”

“హెచ్.ఆర్. నువ్వే కదమ్మా.”

“నిన్నటిదాకా. ఇవాళ నేనెవరో మీ యంత్రాన్నే అడగండి.”

“యంత్రం అమ్మినవాణ్ణి అడిగాను. నా తాళంచెవితో ఒక్క వేలు మాత్రం ఎక్కించొచ్చట. నీది ఎక్కించేస్తాను, రా.”

“ఇవాళ ఎక్కిస్తే ఇవాళ్టి తేదీయే పడుతుంది సార్, దాన్ని మార్చడం కుదరదు. అప్పుడు నా ఏడాది తెగదు. తెగకపోతే పర్మనెంటు. పైవాళ్ళు మిమ్మల్నేమైనా అంటారేమోనని నా భయం.”

అవతల ఫోను చప్పున ఆగిపోయింది. వేలమ్మ చేతిలోని ఫోను వంకే చూసింది. వేళాకోళం శ్రుతిమించి, రేపు మళ్ళీ చేర్చుకోనంటే? ఉన్నదీ పోతే? భర్త నవ్వు కూడా సగంలో ఆగింది.

గంట తిరక్కుండా మేనేజరు చెమటలు కక్కుతూ గుమ్మంలో నిలబడ్డాడు. అత్తగారు లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ ఇచ్చింది. విషయమంతా ఆమె అతని నోటే విన్నది. విరామం అన్నమాట దగ్గర ఒకసారి కోడలి వంక చూసింది. వేలమ్మ తల వంచుకుంది.

“అయితే బాబూ, ఇవాళ ఈ పిల్ల మీ మనిషి కాదన్నమాట,” అంది అత్తగారు.

“ఇవాళ ఒక్కరోజేనండీ.”

“అదే అంటున్నా. మీ మనిషి కాకపోతే మా మనిషి. మా మనిషి కావాలంటే అడగాల్సింది నన్ను. అడగండి మరి.”

మేనేజరు టీ గ్లాసు వంక చూశాడు. గ్లాసు ఏ సలహా ఇవ్వలేదు.

“పంపించండి అమ్మగారూ.”

“పంపిస్తా. వేలు పెట్టించాక మళ్ళీ చెరపరుగా?”

“చెరిపితే పైవాళ్ళకు తెలిసిపోతుంది. చెరపకపోయినా తెలిసిపోతుంది,” అన్నాడు మేనేజరు. తర్వాత గొంతు తగ్గించి, “నిన్న నాకూ ఉత్తరం వచ్చిందండీ. వచ్చే నెలనుంచి నన్నూ కాంట్రాక్టులో వేస్తున్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు,” అన్నాడు.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి జరిపింది.

“అయితే మీరూ మావాళ్ళేగా,” అని గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

వేలమ్మకు మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది. కానీ జాలి వేరు, లెక్క వేరు.

“సార్, నేనొక్కదాన్నే వస్తే లాభం లేదు. మనుషులు రాకుండా వేళ్ళు ఎక్కవు. అందర్నీ ఇవాళే పిలవాలి.”

“పిలువు.”

“అప్పుడు అందరికీ ఇవాళ్టి తేదీయే పడుతుంది. ఎవరి ఏడాదీ తెగదు.”

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. కనురెప్పల వెనక ఒకవైపు లారీ, మరోవైపు డెబ్బైమంది పర్మనెంటు ఉద్యోగులు నిలబడి ఉండాలి. చివరికి లారీ హారన్ కొట్టినట్టుంది, కళ్ళు తెరిచాడు.

“వచ్చే నెల నా కాంట్రాక్టు కాగితం టైపు చేసేది, నా ఏడాది లెక్కపెట్టేది నువ్వేగా?”

“ఉద్యోగంలో ఉంటే నేనే సార్.”

“పద,” అన్నాడు.

దుకాణం మూసిన మనిషి ఇంట్లో ఒక్కడే ఏం చేస్తాడని భర్త కూడా బయల్దేరాడు. ఫ్యాక్టరీ చూడలేదని అత్తగారూ చెప్పులేసుకుంది. వాళ్ళు వెళ్ళేసరికే ఫోన్లు అందుకున్నవాళ్ళు గేటు బయట మూగి ఉన్నారు. సెలవురోజు కదా, కొందరు పిల్లల్ని చంకనేసుకొచ్చారు. సంగతేమిటో ఒకరి చెవినుంచి ఒకరి చెవికి పాకుతోంది, పాకిన చోటల్లా ముఖాలు విచ్చుకుంటున్నాయి.

మేనేజరు తాళంచెవి తిప్పాడు. వేలమ్మ బొటనవేలు పెట్టింది. యంత్రం ఎర్రదీపం చూపించింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎరుపే. గుంపు ముందుకు జరిగింది. వేలమ్మ అరచెయ్యంతా చెమట.

భర్త జేబులోంచి కళ్ళజోళ్ళు తుడిచే మెత్తని గుడ్డ తీశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, బొటనవేలిని ఒక ఖరీదైన అద్దంలా తిప్పి తిప్పి తుడిచాడు. కుట్టుమిషన్ల వాళ్ళలో ఎవరో “తుడిచింది చాలయ్యా, అరిగిపోతుంది” అన్నారు. అంతా గొల్లున నవ్వారు.

ఈసారి పచ్చదీపం వెలిగింది. కింద ఇవాళ్టి తేదీ పడింది.

అత్తగారు ముందుకొచ్చి, ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఆ తేదీని దగ్గర్నుంచి చూసింది. “ఈ పూట పొయ్యి ముట్టుకోకే, ఆ వేలితో,” అంది కోడలితో.

“పైవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావమ్మా?” అన్నాడు మేనేజరు.

“లారీ టైముకి వెళ్ళిందని చెప్పండి సార్,” అంటూ వేలమ్మ కుర్చీ లాక్కుని, వరసలో ముందున్నామెను చెయ్యి చాపమంది.