ఫైనల్లో ప్రశాంతి గొంతు

కార్వేటినగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు ప్రశాంతి. పిల్లల్ని వరసలో నిలబెట్టాలన్నా, ఆట ఆపాలన్నా ఆమె నోరు తెరిచేది తక్కువ, విజిలే ఎక్కువ. మైకు చూస్తే చాలు, గుండె దడదడలాడేది. పదో తరగతిలో ఆగస్టు పదిహేనుకు ఉపన్యాసం చెప్పమంటే వేదికెక్కి, "సభకు" అంది. అంతే, తర్వాతి మాట రాలేదు. స్కూలంతా నవ్వుతుంటే దిగివచ్చేసింది. పదకొండేళ్లయినా ఆ నవ్వు ఆమె చెవుల్లోనే ఉంది. చిత్రమేమిటంటే, కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకు కబడ్డీ ఆడుతూ, కిక్కిరిసిన జనం ముందు బెదురన్నది లేకుండా కూతకు వెళ్లివచ్చిన పిల్ల ఆమె.

ఈ ఏడాది ఊళ్లో మూడు రోజులపాటు మహిళల కబడ్డీ పోటీలు పెట్టారు. స్కోరు రాసే పని ప్రశాంతికిచ్చారు. పక్క కుర్చీలో వ్యాఖ్యాత సుందరరాజు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. పుత్తూరు నుంచి నగరి దాకా కబడ్డీ ఎక్కడ జరిగినా ఆయన గొంతు వినబడాల్సిందే. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ గొంతు బొంగురుపోయింది.

"పాపా, పేర్లు మాత్రం సదువు" అని మైకు ఆమె వైపు జరిపాడు.

"వొద్దు మామా. నా వల్ల కాదు."

"కాయితంలో ఉండేవే కదమ్మా. కొత్తగా నువ్వేం సెప్పబళ్లేదు."

ప్రశాంతి కాగితాన్ని మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె చదివిన పేర్లు ముందు వరసకు కూడా సరిగా అందలేదు. అయినా సాయంత్రంలోగా మరో మూడు జట్ల పేర్లు చదివింది. ఆఖరి జట్టుకొచ్చేసరికి వెనక నుంచి ఎవరో, "ఇప్పుడు ఇనపడతా ఉండాది, కానీయ్!" అని కేకేశారు.

రెండో రోజు స్కోరు కూడా ఆమెనే చెప్పమన్నాడు సుందరరాజు. ఒకసారి తడబాటులో పుత్తూరు పాయింట్లు నగరికి చెప్పేసింది. జనం గొల్లుమన్నారు. లేచి వెళ్లిపోబోయింది.

సుందరరాజు చెయ్యి అడ్డం పెట్టి, "యాడికి? తప్పు సెప్తివి, సరిసెయ్యి. అంతే" అన్నాడు.

ప్రశాంతి మైకందుకుంది. "తారుమారు సేసినానప్పా. పుత్తూరు పద్దెనిమిది, నగరి పద్నాలుగు."

మళ్లీ నవ్వారు. ఈసారి చప్పట్లు కూడా కొట్టారు. ఆశ్చర్యంగా ఆమెకూ నవ్వొచ్చింది.

మూడో రోజు సాయంత్రం ఫైనల్. కార్వేటినగరానికీ సూళ్లూరుపేటకూ పోటీ. మైదానం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం, గోడల మీద కూడా మనుషులే. సగం ఆట అయ్యేసరికి సుందరరాజు నోట గాలి తప్ప మాట రాలేదు. మైకు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"మొత్తం నేనా?" అంది ప్రశాంతి బిత్తరపోయి.

ఆయన ఆమె చెవి దగ్గరకు వంగి గుసగుసగా అడిగాడు. "నువ్వు కూతకి పొయ్యినప్పుడు జనం కనిపించినారా?"

"లేదు మామా. ఎదురుగా ఉండేవాళ్ల కాళ్లే."

"ఇప్పుడూ కాళ్లే సూడు. సూసిందే సెప్పు."

"క్రీడాభిమానులకు నా హృదయపూర్వక..." అంటూ ఆయనలాగే మొదలుపెట్టి ప్రశాంతి ఆగిపోయింది. ఆ మాటలు ఆమెవి కావు. కళ్లు దించి గీత దగ్గరి కాళ్లను చూసింది. కార్వేటినగరం పిల్ల పవిత్ర కూతకు వెళ్తోంది. ఎడమ మూలనున్న సూళ్లూరుపేట పిల్ల మడమ పైకెత్తి ఉంది.

"మూలలో రూపశ్రీ మడమ లేపి ఉండాది సూడండి. దూకేదానికే! పవిత్రా, ఆపక్కకి పోవద్దు... పొయ్యింది! పట్టేసింది!"

జనం హోరెత్తారు. ఆ హోరు గుండెలోకి దిగిందేగానీ ఈసారి భయపెట్టలేదు. అక్కడినుంచి ఆమె ఆగలేదు. ఎవరి ఊపిరి అందడం లేదో, ఎవరు కుడికాలు దాచుకుంటున్నారో, వచ్చే అడుగు ఎటు పడుతుందో చెబుతూనే ఉంది. ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు.

ఇక ఒకే ఒక్క కూత మిగిలింది. "మనది ఇరవై ఏడు, వాళ్లది ఇరవై ఆరు! మన పవిత్ర పోతా ఉండాది. రెండు సార్లు ఉత్త సేతుల్తో వచ్చినాం, ఈసారి పాయింటు తేకపోతే ఔటే. ఆడ ముగ్గురే ఉండారు. ముగ్గురే కదా అనుకోవద్దండప్పా, ముగ్గురుండి పట్టినారంటే వాళ్లకి రెండు పాయింట్లు! పవిత్ర కుడిపక్కకి... ఎనక్కి... సెయ్యి సాచింది, తగల్లేదు! రూపశ్రీ కాలు పట్టింది! లాగతా ఉండాది పవిత్ర, గీత జానెడే దూరం, బెత్తెడే... ఇంకో ఇద్దరు మీద పడినారు! అయిపొయ్యింది! సూళ్లూరుపేట గెలిచింది! అబ్బా, ఏం పట్టు పట్టినావు రూపశ్రీ!"

సొంత ఊరు ఓడినా జనం ఈలలు వేశారు. సూళ్లూరుపేట పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు. పవిత్ర మాత్రం గీత దగ్గర బోర్లా పడి ఏడుస్తోంది. తోటి పిల్లలు లేపినా లేవలేదు.

ప్రశాంతి మైకు కింద పెట్టలేదు.

"పవిత్రా, ఇట్ల సూడు. ఈ రోజు నువ్వొక్కదానివే పదకొండు పాయింట్లు తెచ్చినావు. ఈ మూడు దినాల్లో ఒక ఆటలో ఇన్ని ఇంకెవురూ తేలేదు, స్కోరు రాసినదాన్ని, నాకు తెలుసు. లెయ్యి తల్లీ. లేచి సూడు, నీకోసం ఎంతమంది నిలబడినారో."

ఆ మాట అన్నాకే జనం లేచి నిలబడ్డారు. పవిత్ర మోకాళ్ల మీద లేచి, దుమ్ముకొట్టుకున్న ముఖాన్ని మోచేత్తో తుడుచుకుంది. చప్పట్లు ఆగలేదు.

సూళ్లూరుపేట జట్టు మేనేజరు గిరిప్రసాద్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మేడమ్, వచ్చే నెల మా ఊర్లో టోర్నమెంటు ఉండాది. మీరే రావాల."

"పొయ్యొస్తాది" అన్నట్టు పక్కనుంచి సుందరరాజు చెయ్యూపాడు.

"వస్తాను, అన్నా" అంది ప్రశాంతి. ఆమె గొంతూ అప్పటికే జీరబోయింది. మాట పూర్తవకముందే బహుమతుల బల్ల మీదికి ఎగబడుతున్న గుంపును చూసి మైకెత్తింది.

"ముందుకు తోసుకోవద్దండప్పా! ఆడోళ్లకి దోవ ఇడవండి!"