పసుపు గడిలో పూలకుండీలు

సముద్రం చూడవచ్చే వాళ్ళ కార్లని ఆదివారాలు ఆ ఊళ్ళోకి రానివ్వరు. ఊరి మొదట్లోనే ఆపించి, చిన్న బస్సులో ఇసుక ఒడ్డుదాకా తిప్పుతారు. ఆ బస్సు గేరక్కది. గేరు మార్చినప్పుడల్లా బండి పళ్ళు కొరికినట్టు అరుస్తుందని ఆవిడకి ఆ పేరు. బండి సంగతేమోగానీ, ఆవిడ మాత్రం మూడేళ్ళుగా పళ్ళు కొరుకుతూనే ఉంది.

అంతకుముందు ఆ బస్సు ఆవిడ పెనిమిటి నడిపేవాడు. పదహారేళ్ళలో ఒక్క కోడిపిల్లనైనా తొక్కి ఎరగడు. ఒకనాడు జడివానలో, అద్దాల హోటలు దగ్గర, కర్ర పట్టుకున్న ముసలాయన తడుస్తూ కనిపిస్తే స్టాపు రాకముందే ఆపి ఎక్కించుకున్నాడు. ఆపడంలో గేటు దగ్గర నిలబడ్డ హోటలు ఆసామి తెల్ల ప్యాంటు మీద నాలుగు చుక్కలు బురద చిందింది. అంతే, కొంప మునిగింది.

స్టాపులో పసుపు గీత గీసిన గడిలో నిలబడ్డవాళ్ళకే బస్సు ఆగాలనీ, బయట ఆపిన డ్రైవరుని తీసెయ్యాలనీ ఆసామి బస్సుల ఆఫీసుకి కాగితం రాశాడు. పెద్దమనుషుల చేత సంతకాలు చేయించాడు. మొదటి సంతకం తనదే. అది రూలై కూర్చుంది. అలా పెనిమిటి చేత యూనిఫాం విప్పించాడు.

అప్పటినుంచి ఆయన వసారా దాటలేదు. వీధిలో హారను వినబడితే చాలు, కుర్చీలో కూర్చునే కుడికాలు నేలకేసి నొక్కుతాడు, బ్రేకు వేసినట్టు. అది చూసినప్పుడల్లా గేరక్క గుండెల్లో కారం చల్లినట్టుండేది. షెడ్డులో బస్సులు కడిగే మనిషల్లా అక్కడే స్టీరింగు పట్టడం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఆ బస్సే కావాలని అడిగి మరీ ఎక్కింది. తప్పు తనదని ఆ ఆసామి చేతే అనిపించాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే.

ఈ మధ్య ఆసామి, హోటలు ముందు అందంగా ఉంటుందని, గడి నిండా పూలకుండీలు పెట్టించాడు. జనం పక్కన నిలబడేవారు. గేరక్క చూసీచూడనట్టు ఆపేది. వల వేసింది పిచ్చుకల కోసం కాదు కదా.

అసలు పిట్ట ఒక ఆదివారం వాలింది. ఆసామి అత్తమామలు చుట్టపుచూపుగా వచ్చారు. తను చెయ్యెత్తితే బస్సు ఆగి తీరుతుందని మామగారి దగ్గర గొప్పలు పోయి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరినీ కుండీల పక్కన నిలబెట్టాడు. బస్సు రాగానే చెయ్యెత్తాడు. గేరక్క ఒంటిచేత్తో దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

అరగంటకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ దణ్ణం. మూడో తిరుగుడుకి అత్తగారు కుండీ అంచు మీద కూలబడి ఉంది. ఆ ముఖం చూస్తే గేరక్క ప్రాణం చివుక్కుమంది. అయినా కాలు బ్రేకు మీదికి పోలేదు. "చెయ్యి బాగానే ఎత్తుతున్నావు అల్లుడూ, బస్సు కంటికే ఆనడం లేదు" అన్నాడట మామగారు.

నాలుగోసారి వచ్చేసరికి, ఆసామి కుండీలు ఒక్కొక్కటే మోసి పక్కన పడేస్తున్నాడు. తెల్లచొక్కా నిండా మట్టి. ముగ్గురూ గడిలో నిలబడ్డాకనే బస్సు ఆగింది.

"ఎక్కండి బాబూ. ఆ చొక్కా సీటుకి ఆనించకండి, కడిగేదీ నేనే" అంది గేరక్క.

మర్నాడు ఆసామి మామగారిని సాక్షిగా వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చి, ఫిర్యాదు రాసిచ్చి, ఆఫీసరు ముందు ఒంటికాలి మీద లేచాడు. గీత ముఖ్యమా, మనిషి ముఖ్యమా అని నిలదీశాడు. ఆఫీసరు గేరక్కని పిలిపించి, పాత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మొదటి సంతకం మిలమిలలాడుతోంది.

"మనిషే ముఖ్యమని ఇందులో రాయండి బాబూ" అంది గేరక్క. "ఆనాడు వానలో బస్సు ఆపినవాడిది తప్పు కాదనీ రాయండి. రాయలేనంటారా, నిన్న నేను నడిపింది మీ రూలే."

మామగారే కలం తీసి అల్లుడి చేతిలో పెట్టాడు. "రాయవయ్యా. నిన్న ఎండలో నిలబెట్టింది చాలు."

రాశాడు. సంతకం ఈసారి వంకరగా పడింది.

పెనిమిటి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. వీధిలో హారను మోగింది. కాలు కదలలేదు.

"పాపం, పెద్దవాళ్ళని ఎండలో మాడ్చావటే" అన్నాడు.

"వాళ్ళిద్దరికీ చేతులు పట్టుకుని చెప్పుకున్నాను, తప్పయిందని. వాడికి మాత్రం చెప్పను."

ఆ కాగితంతో ఆయన ఉద్యోగం తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ బస్సు ఇద్దరూ వంతులవారీగా నడుపుతున్నారు. ఆయన వంతు రోజున ఆసామి ఎదురుపడితే బాగున్నారా అని పలకరిస్తాడు, ఆయన మనసే అంత. ఆవిడ వంతు రోజున, స్టాపులో మనిషి ఉన్నా లేకపోయినా అద్దాల హోటలు ముందు బస్సు ఆగుతుంది. ఆసామి కిటికీలోకి వచ్చి చూసేదాకా హారను మోగుతూనే ఉంటుంది.