సొరంగం తలుపు

మా సరుకు ఓడ అడుగున, ఇంజన్ గది నుంచి వెనక ప్రొపెల్లర్ దాకా ఇరుసు తిరిగే ఇరుకు సొరంగం ఉంది. ఆ ఇరుసుకు నూనె పోయడం మా బావ పని. మా అక్క వంట తిని పెంచిన పొట్టతో అందులో దూరేవాడు. నేను ఏడిపిస్తే "నీకు కుళ్ళు" అనేవాడు. యుద్ధం మొదలయ్యాక ఒక నియమం వచ్చింది. సబ్‌మెరైన్ దాడి జరిగితే, నీళ్ళు పాకకుండా ఇంజన్ గది వైపున్న సొరంగం తలుపు వెంటనే మూసెయ్యాలి. లోపలున్నవాడు అటు చివరి నిచ్చెనెక్కి డెక్ మీదికి పోవాలి.

ఆ మధ్యాహ్నం మా పక్క ఓడ పేలింది. ఇంజనీరు "తలుపు!" అని అరిచాడు. బావ లోపలే ఉన్నాడు. నా చేత్తోనే తలుపు చక్రం తిప్పి మూశాను. స్పానర్‌తో తలుపు బాదాను. జవాబు లేదు.

"నిచ్చెనెక్కి పోయుంటాడులే," అన్నాడు ఇంజనీరు.

పోయుంటాడట! చూసొచ్చినట్టే చెప్పాడు మహానుభావుడు.

అంతలో మా ఓడ ముందు భాగానికే టార్పెడో తగిలింది. ఇంజన్ ఆగింది. ఓడ నిండా ఇనప ఖనిజం, మునగడానికి ఎంతోసేపు పట్టదు. అందరూ ఇంజన్ గది మెట్లెక్కి పైకి పరుగెత్తారు. నేను మాత్రం తలుపు తీసి సొరంగంలోకి దూరాను. అక్కకి ఏ మొహం పెట్టుకుని కనపడను?

చివర నూనె డబ్బా ఉంది. బావ లేడు. నిచ్చెన పైన మూత తెరిచి ఉంది, వెలుతురు పడుతోంది. బతికాడు! సంతోషంతో ఏడుపొచ్చింది.

అప్పుడే వెనక తలుపు మూసుకుంది. అది తెరిచి కనిపిస్తే ఆలోచించకుండా మూసెయ్యడం మా అందరికీ అలవాటైపోయింది. వెంటనే రెండో దెబ్బ తగిలి ఓడంతా ఒరిగింది. పడుతూ లేస్తూ వెళ్ళి తలుపు బాదాను.

"ఎవడ్రా లోపల?" బావ గొంతు.

"నేనే బావా! నువ్వు మళ్ళీ కిందికెందుకొచ్చావ్?"

"పైన లైఫ్‌బోట్ దగ్గర నువ్వు లేవుగా. వెతుక్కుంటూ వచ్చా. నా ఖర్మ, నేనే మూశాను!"

ఆయన అటు చక్రం తిప్పాడు, నేను ఇటు నుంచి నెట్టాను. బిగుసుకుపోయింది. నీళ్ళ చప్పుడు ఆయన వైపు నుంచే వస్తోంది.

"ఒరేయ్, నువ్వు నిచ్చెనెక్కు. నేనిటు మెట్లెక్కి వస్తా. ఎవరు ముందో చూద్దాం."

"ఆ పొట్టతోనా?"

బావ గట్టిగా నవ్వాడు. నేను ఎక్కాను. డెక్ మీద పాక్కుంటూ ఇంజన్ గది తలుపు దాకా వెళ్ళి కిందికి చూశాను. నల్లటి నీళ్ళు పైకి వస్తున్నాయి. మెట్లు లేవు. రెండో దెబ్బకే ఊడిపోయాయి. నవ్వినప్పుడు ఆ సంగతి ఆయనకి తెలుసు.