బాండు పక్కన కార్డు

మా అత్తయ్య వెంకటేశ్వరమ్మగారికి కాగితాలంటే భయమూ భక్తీ రెండూ ఉండేవి. మిరపకాయల బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టినప్పుడు వాళ్లిచ్చే బాండును పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పటం వెనక దాచేది. బస్తాలు బయటికి తెచ్చుకుంటే బాండు వాళ్లకిచ్చెయ్యాలి, ఇక అది మనది కాదు. అందుకే ధర బాగా పెరిగేదాకా దాని జోలికి ఎవరినీ పోనిచ్చేది కాదు.

రెండువేల ఎనిమిదిలో ఆరోగ్యశ్రీ కార్డు వస్తే దాన్నీ అదే గుడ్డలో చుట్టింది. నేను నవ్వుకున్నాను.

అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆమెకు ఆయాసం. ఆ ఏడాది చివర, మిరప కోతలకు ముందు, తుళ్లూరులో వైద్య శిబిరం పెడితే నేనే బలవంతాన తీసుకెళ్లాను. గుండెలో కవాటం పాడైందని, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని, గుంటూరు వెళ్తే కార్డు మీద ఆపరేషన్ ఉచితంగా చేస్తారని డాక్టరు చెప్పాడు. అత్తయ్య బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చాక మాత్రం ససేమిరా అంది.

"కోతలు కానియ్యవే జ్యోతీ" అంది. కోతలయ్యాయి. "కళ్లంలో కాయలు ఎండనియ్యి" అంది. అవీ ఎండాయి. మా ఆయన త్రినాథ్ బతిమాలాడు, అరిచాడు, అలిగి అన్నం మానేశాడు. ఆమె కదల్లేదు.

ఒకరోజు కళ్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఏరుతూనే పక్కకు ఒరిగిపోయింది. నీళ్లు చల్లి లేపి కూర్చోబెట్టాక నాకు ఒళ్లు మండింది.

"ఏంటత్తయ్యా మీ మొండితనం? కార్డు ఉంది దేనికి, పూజ చెయ్యడానికా?"

"వాడేస్తే అయిపోద్ది కదే" అంది మెల్లగా. "ఇంటి మొత్తానికీ అదొక్కటే. మీ అమ్మ కూడా ఆయాసంతోనే పోయిందన్నావుగా. రేపు నీకొస్తే? నీకని దాచాను."

నాకు ఏడుపొచ్చేసింది. మా అమ్మ పోయాక నా గురించి ఇంతగా ఆలోచించిన మనిషి ఇంకొకరు లేరు. కానీ ఏడుస్తూ కూర్చుంటే ఆమె నాకు దక్కదు. కళ్లు తుడుచుకుని, శిబిరంలో కార్డు గురించి విన్నది ఆమెకు తెలిసిన మాటల్లో చెప్పాను.

"అత్తయ్యా, అది బాండు కాదు. మన చేను లాంటిది. ఈ ఏడు కాయ కోసుకున్నామని వచ్చే ఏడు పైరు వెయ్యడం మానేస్తామా? ఇందులో వైద్యం డబ్బూ ఏ ఏటికాయేడు కొత్తగా వస్తుంది. కొయ్యకుండా వదిలేస్తే వచ్చే ఏటికి రెట్టింపు కాస్తుందా? చేలోనే ఎండి రాలిపోద్ది."

పక్కనున్న తాలుకాయ ఒకటి తీసి చూసి, కుప్పలోకి విసిరేసింది.

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా?"

"మీరు అడిగారా?"

మర్నాడు పసుపు గుడ్డ విప్పి, బాండును అక్కడే ఉంచి, కార్డు మాత్రం తీసి కొంగున ముడేసుకుంది. గుంటూరు బ్రాడీపేటలో ఆటో దిగి ఆసుపత్రిలోకి వెళ్లాక, కౌంటర్ దగ్గరున్న అమ్మాయికి కార్డు ఇవ్వకుండా చేత్తో పట్టుకునే నిలబడింది.

"ఇది నేను వాడుకుంటే వచ్చే ఏడు మళ్లీ ఉంటదా అమ్మా?"

"ఉంటుందండి."

"మా కోడలి పేరు కూడా ఉందా ఇందులో? సరిగ్గా చూసి చెప్పు."

ఆ అమ్మాయి వంగి చూసింది. "జ్యోతిర్మయి. ఉందండి."

అప్పుడు వదిలింది కార్డు.