రెండో గొట్టం

రొయ్యపిల్లలకు మేతగా వేసే పచ్చటి నాచు కంటికి ఆనని ఒంటికణపు జీవి. దాన్ని చలిపెట్టెలో దాచడానికి, రొయ్యపిల్లల కేంద్రంలో పనిచేసే చిన్నది అనే అమ్మాయి రెండేళ్లు కుస్తీ పట్టింది. ఉత్త ఉప్పునీటిలో గడ్డకట్టిస్తే మంచు సూదులు కణాన్ని చీల్చేసేవి. కాస్త కాస్తగా గ్లిజరిన్ కలిపి చూస్తే, అది కణంలోకి ఇంకి మంచును అదుపులో పెట్టింది. కరిగించాక నాచు బతికింది!

కాలేజీవాళ్లు చూడటానికి వస్తే, ఆ కేంద్రం నడిపే ఆమె బావ ఏమన్నాడు?

"అంతా నా బుర్రేనండీ." నోరు తెరవబోయిన మరదలితో, "ఒసేయ్ చిన్నదానా, టీ పట్రా పో!"

నాచు దాచిన గాజు గొట్టాల మీద ఆమె పేరు చెరిపి తన పేరు రాసుకున్నాడు. ఆ రోజు మోసిన గ్లాసుల వేడి ఆమె చేతుల్లో ఇంకా చల్లారలేదు.

ఈ వారం తొట్లలో నాచంతా కుళ్లింది. మిగిలింది చలిపెట్టెలోని రెండు గొట్టాలు. అప్పుడొచ్చిన కాలేజీవాళ్లలోని మేడమ్, నాచును బతికించడం చూద్దామని మళ్లీ వచ్చింది.

"కరిగాక ఏం చెయ్యాలే?" బావ గుమ్మం దగ్గర గుసగుసలాడాడు.

"మీరు చేసిందేగా బావా. మీకు తెలీదా?"

"వెటకారమా? నీళ్లలో పొయ్యడమేగా, అదేం బ్రహ్మవిద్య!"

గ్లిజరిన్ నిండిన కణాన్ని ఒక్కసారిగా నీళ్లలో వేస్తే, నీరు లోపలికి దూసుకొచ్చి కణం పగిలిపోతుంది. ఆ మాట చిన్నదాని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

బావ దర్జాగా కరిగిన ఒక గొట్టాన్ని గ్లాసెడు ఉప్పునీటిలో వంచేశాడు. మేడమ్ మైక్రోస్కోపులో చూసింది.

"అన్నీ పగిలిపోయాయేంటండీ?"

బావ రెండో గొట్టానికి చెయ్యి చాచాడు. చిన్నది దాన్ని గుప్పిట్లో బిగించింది.

"ఇదీ పోతే రొయ్యపిల్లలకు మేత లేదు బావా. ఎవరు చేశారో ముందు చెప్పండి."

బావ తొట్లవైపు చూశాడు, మేడమ్‌వైపు చూశాడు.

"మా మరదలేనండీ," అన్నాడు నేలచూపులు చూస్తూ.

"వినపడలేదు బావా."

"మా మరదలే చేసింది!"

చిన్నది ఉప్పునీటి గిన్నె బావ చేతుల్లో పెట్టింది. "కదలకుండా పట్టుకోండి." గిన్నెలోంచి ఒక చుక్క తీసి గొట్టంలో వేసింది. ఆగింది. ఇంకో చుక్క.

అరగంట పని అది. ఆమె గంట చేసింది.